దారిచూపే కుక్క, గడప దాటే హక్కు

మహాప్రస్థానపు తుది ఘట్టము తెలియని తెలుగువారుండరు. తమ్ములు, ద్రౌపది ఒకరి వెనుక ఒకరుగా త్రోవలో పడిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. ఎవరూ పిలువకనే హస్తినాపురమునుండి వెంట నడచి వచ్చిన కుక్క అది. ఇంద్రుడు రథముతో ఎదురువచ్చి ఎక్కమన్నాడు. కుక్కను మాత్రము విడిచి రమ్మన్నాడు. స్వర్గమున కుక్కలకు చోటు లేదన్నది ఆయన చెప్పిన నియమము. నమ్మి వెంట వచ్చినదానిని విడిచి వచ్చే స్వర్గము తనకక్కరలేదన్నాడు ధర్మరాజు. తరువాతి కథ మీకు తెలిసినదే.

ఈ కథను మనము ఆశ్రితరక్షణకు దృష్టాంతముగా చెప్పుకొంటాము. అందులో గమనించవలసిన సంగతి మరియొకటి ఉన్నది. ద్వారము దగ్గర నిలిచిన మనిషికి ప్రవేశమున్నది. అతని వెంట ఉన్నదానికి లేదు. దానిని విడిచి లోపలికి రాలేనివానితో అట్లా చెప్పడమంటే, నీకును ప్రవేశము లేదని చెప్పడమే.

ఇరువదవ శతాబ్దిలో ఇట్లా ద్వారము దగ్గర నిలిచిపోయినవారు చాలమంది. వారు పోదలచినది స్వర్గమునకు కాదు. హోటలుకు, రైలుపెట్టెలోకి, దుకాణములోకి, కచేరీలోకి. వారికి చూపు లేదు. చేతిలో ఒక గట్టి పిడి, ఆ పిడిని మోసే పట్టీ తొడుగుకొన్న ఒక కుక్క. "మీరు రావచ్చును, కుక్క రాకూడదు" అన్న మాట వారికి గడపగడప దగ్గరను వినిపించినది. ఆ మాట ఎట్లా మారినది, మన దేశమున ఆ విషయము ఎక్కడ నిలిచి ఉన్నది, తెనాలిలోనో రేపల్లెలోనో బాపట్లలోనో అట్టివారు ఎదురైనప్పుడు మనము ఎట్లా మెలగవలెను అన్నది ఈ ప్రసంగ విషయము.

మొదట ఆ కుక్క చేసే పని ఏమిటో తెలుసుకొందాము. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు అని మనకొక సామెత ఉన్నది. కుక్కను నమ్ముకొని నీటిలో దిగడము అవివేకమని దాని భావము. మరి కుక్కను నమ్ముకొని నడివీధిలో అడుగు పెట్టడము వివేకమెట్లా అయినది?

దారిచూపే కుక్క మనిషిని తన ఇష్టము వచ్చిన చోటికి ఈడ్చుకొని పోదు. ఎక్కడికి పోవలెనో, ఏ మలుపు తిరుగవలెనో నిర్ణయించేది మనిషే. ఊరి పటము ఆయన మనస్సులో ఉంటుంది. ఆ దారిలో అడ్డమైనవాటిని, గుంటను, స్తంభమును, నిలిపి ఉంచిన బండిని తప్పించడము కుక్క పని. మెట్టు వచ్చినచోట అది నిలుస్తుంది. మనిషి కాలితో తడవి చూచుకొని ముందుకు పొమ్మన్న తరువాతనే కదులుతుంది. తాను సులభముగా దూరిపోగల కొమ్మ క్రిందికి కూడ యజమానిని తీసుకొనిపోదు. ఆయన తలకు కొమ్మ తగులుతుందని దానికి నేర్పి ఉంటారు. వీధి దాటే వేళ వాహనముల చప్పుడు విని ఆజ్ఞ ఇచ్చేది మనిషి. అయితే వాహనము మీదికి వస్తున్నదని చూచినప్పుడు కుక్క ఆ ఆజ్ఞను పాటించదు. ఎప్పుడు మాట వినవలెనో, ఎప్పుడు వినకూడదో తెలియడము దాని విద్యలో అన్నింటికంటె కష్టమైన పాఠము. ఎర్రదీపము, పచ్చదీపము చూచి అది దాటిస్తుందని కొందరనుకొంటారు. అది సరికాదు. ఆ రెండు రంగుల భేదము కుక్క కంటికి మన కంటికి తెలిసినట్లు తెలియదు.

ఈ పనికి లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ జాతుల కుక్కలను ఎక్కువగా తీసుకొంటారు. పిల్లగా ఉన్నప్పుడు ఒక కుటుంబములో పెంచి జనసమ్మర్దమునకు, చప్పుళ్ళకు, మెట్లకు అలవాటు చేస్తారు. ఏడాది దాటిన పిదప శిక్షణాలయములో కొన్ని నెలల చదువు. ఆపైన యజమాని, కుక్క కలిసి కొన్ని వారములు నేర్చుకొంటారు. ఇంత శ్రమకు ఫలముగా అది ఇంచుమించు ఎనిమిదేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొంటుంది. కనుక ఇది వినోదము కొరకు పెంచే జంతువు కాదు. పట్టీ తొడిగి ఉన్నంతసేపు అది ఉద్యోగములో ఉన్నట్లే.

అంధునికి కుక్క తోడుగా నడవడము క్రొత్త సంగతి కాదు. దానిని ఒక విద్యగా నేర్పడము మాత్రము క్రొత్త. 1788 ప్రాంతమున వియన్నా నగరములో జోసెఫ్ రైసింగర్ అనే జల్లెడలు చేసే అంధుడు ఒక స్పిట్జ్ జాతి కుక్కకు తానే శిక్షణ ఇచ్చుకొన్నాడు. అతని నడకను చూచినవారు ఇతనికి నిజముగా చూపు లేదా అని సందేహించేవారట. అదే నగరములో అంధవిద్యాలయమును స్థాపించిన యోహాన్ విల్హెల్మ్ క్లైన్ 1819లో తాను ప్రకటించిన గ్రంథములో, కుక్కకు గట్టి పిడి అమర్చి నేర్పే పద్ధతిని వివరించినాడు. ఆ పుస్తకములోని మాట పుస్తకములోనే దాదాపు నూరేండ్లు ఉండిపోయినది.

దానిని బయటికి తెచ్చినది మొదటి ప్రపంచయుద్ధము. విషవాయువుల వలన, గుండ్ల దెబ్బల వలన చూపు పోగొట్టుకొన్న సైనికులు వేలకొలదిగా ఇండ్లకు తిరిగివచ్చినారు. జర్మనీలో గెర్హార్డ్ స్టాలింగ్ అనే వైద్యుడు అట్టివారికి చికిత్స చేస్తుండేవాడు. ఒకనాడు తన కుక్కను ఒక అంధ సైనికుని వద్ద విడిచి వేరే పనిమీద వెళ్ళి, తిరిగివచ్చేసరికి అది ఆ సైనికుని జాగ్రత్తగా కనిపెట్టి ఉండడము చూచినాడని చెప్పుకొంటారు. 1916 ఆగస్టులో ఓల్డెన్‌బర్గ్ పట్టణమున ఆయన ప్రారంభించినదే ప్రపంచములో మొట్టమొదటి మార్గదర్శి శునకముల శిక్షణాలయము.

అదే 1916వ సంవత్సరమున మన వైపు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు గుంటూరునుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలుమార్గము వేసినారు. వేమూరు, భట్టిప్రోలు గ్రామముల మీదుగా పోయే ఆ బండి డెల్టా ప్రజల నడకను మార్చివేసినది. వర్షకాలములో బురదలో, తక్కిన కాలములో కాలువలపై పడవలలో ప్రయాణము చేసినవారికి టిక్కెట్టు కొనుక్కొని తమంతట తాము పోవడము అలవాటయినది. ఓల్డెన్‌బర్గ్ శిక్షణాలయమునకు, రేపల్లె రైలుకు సంబంధమేమియు లేదు. అయినను రెండును ఒకే అవసరమును తీర్చినవే. ఎవరిని బ్రతిమాలకుండ, తనకు పని ఉన్నచోటికి తానే పోయి రాగలగడము ఆ అవసరము. రైలు ఆ స్వాతంత్ర్యమును చూపున్నవారికి ఇచ్చినది. చూపులేనివారికి ఇంకొకటి కావలసివచ్చినది.

ఓల్డెన్‌బర్గ్ తరువాత 1923లో పోట్స్‌డామ్‌లో మరొక పెద్ద శిక్షణాలయము ఏర్పడినది. స్విట్జర్లండులో జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతుండిన డొరొతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ దానిని చూచి ఆశ్చర్యపడి, తన దేశపు పత్రిక సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో ఒక వ్యాసము వ్రాసినది. అది 1927 నవంబరు 5వ తేదీ సంచికలో వెలువడినది. టెనెసీ రాష్ట్రమున నాష్‌విల్ పట్టణములో అంధయువకుడు మోరిస్ ఫ్రాంక్ దానిని చదివించుకొని విన్నాడు. తనకు అట్టి కుక్క దొరికితే ఆ విద్యను ఈ దేశములోని తనవంటివారందరికి అందేటట్లు చూస్తానని ఆమెకు జాబు వ్రాసినాడు. 1928లో స్విట్జర్లండు వెళ్ళి, బడ్డీ అని తాను పేరు పెట్టుకొన్న కుక్కతో శిక్షణ పొంది, జూన్ నెలలో న్యూయార్కులో ఓడ దిగినాడు. పత్రికా విలేఖరులు చూస్తుండగా, చూపున్నవారే దాటుటకు వెనుకాడే ఒక వీధిని బడ్డీతో దాటినాడు. ఆనాడు యూస్టిస్‌కు ఆయన ఇచ్చిన తంతిలో ఉన్నది ఒకే మాట: విజయము. మరుసటి సంవత్సరము, 1929లో, వారిరువురి పూనికతో అమెరికాలో సీయింగ్ ఐ అనే సంస్థ నెలకొన్నది.

వీధి దాటడము ఒక్కనాటి పని. గడప దాటడానికి అంతకంటె చాల ఎక్కువ కాలము పట్టినది. ఫ్రాంక్‌కు, బడ్డీకి హోటళ్ళలో గది దొరికేది కాదు. భోజనశాలలలో రానిచ్చేవారు కారు. రైలులో కుక్కను సామానుపెట్టెలో వేయవలెననేవారు. కళ్ళజోడును సామానులో వేసి, దిగేచోట తీసుకొమ్మని ఎవరైనా అంటారా? కుక్కను వేరుచేసిన క్షణమునుండి ఆ ప్రయాణికుడు మరల పరాధీనుడే. ఫ్రాంక్ ఊరూరు తిరిగి అధికారులను, యజమానులను ఒప్పించినాడు. క్రమముగా ఈ విషయమున చట్టములు రావడము ప్రారంభమైనది. 1956 నాటికి అమెరికాలోని ప్రతి రాష్ట్రమును, మార్గదర్శి శునకముతో వచ్చిన అంధునికి బహిరంగ ప్రదేశములలో ప్రవేశ హక్కును చట్టములో వ్రాసినది. ఫ్రాంక్ న్యూయార్కులో దిగిన నాటినుండి లెక్కించితే ఇరువదియెనిమిదేండ్లు. బడ్డీ 1938లోనే చనిపోయినది. ఇంగ్లండులో మొదటి నాలుగు కుక్కలు 1931లో వాలసీ పట్టణమున శిక్షణ ముగించుకొన్నవి. 1934లో అక్కడి సంఘము ఏర్పడినది.

ఈ చట్టముల వెనుక ఉన్న న్యాయమును స్పష్టముగా చెప్పినవారిలో ముఖ్యుడు జేకబస్ టెన్‌బ్రోక్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు, స్వయముగా అంధుడు. 1966లో ఆయన ప్రకటించిన న్యాయశాస్త్ర వ్యాసమునకు పెట్టిన పేరు 'లోకములో జీవించే హక్కు'. వికలాంగులకు ఇంట్లో అన్నము పెట్టి కూర్చుండబెట్టడము దయ కావచ్చును; వీధులు, బండ్లు, అంగళ్ళు అందరివీ అయినప్పుడు వారివీ అని ఒప్పుకొనడము న్యాయము. దయ చూపేవాని మనస్సు మారితే దయ పోతుంది, న్యాయము పోదు.

1990లో అమెరికాలో వచ్చిన వికలాంగుల చట్టము ఈ హక్కును దేశమంతటికీ ఒక్కటిగా చేసినది. దాని క్రింద నేడు అమలులో ఉన్న పద్ధతిని చెప్పుకొనడము మనకు ఉపయోగకరము. దుకాణదారునకు, హోటలువారికి రెండే ప్రశ్నలు అడిగే అధికారమున్నది. ఈ కుక్క మీ వైకల్యము కారణముగా అవసరమైనదేనా? ఇది ఏ పని చేయుటకు శిక్షణ పొందినది? అంతే. నీ జబ్బు ఏమిటి, కాగితము చూపించు, ఆ పని ఇక్కడ చేయించి చూపించు అని అడుగరాదు. కుక్క వచ్చినదని ఎక్కువ డబ్బు తీసుకోరాదు. ఇతరులకు కుక్కలంటే భయమని, ఒంటికి పడదని చెప్పి పంపివేయరాదు. దూరముగా వేరొక చోట కూర్చుండబెట్టి ఇద్దరికిని సౌకర్యము చేయవలెను.

హక్కుకు హద్దులు కూడ ఉన్నవి. కుక్క అరచి అల్లరి చేసి, యజమాని దానిని అదుపులో పెట్టకపోతే, లేదా అది ఆ స్థలమును మలినపరిస్తే, దానిని బయటికి తీసుకొనిపొమ్మనవచ్చును. అప్పుడు కూడ ఆ మనిషికి కావలసిన సేవ చేయవలసినదే. శస్త్రచికిత్స గదివంటి చోట్లకు ప్రవేశము లేదు. మతసంస్థలకు ఆ చట్టపు నియమము వర్తించదు. భోజనము చేసే హాలులో కుక్క ఉండవచ్చును గాని వంటలో మూతి పెట్టవచ్చునని ఎవరును అనలేదు.

కాలక్రమమున ఇతర వైకల్యములు గలవారికిని కుక్కలు సాయపడగలవని తేలినది. 1975లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన ఒక సంస్థ చక్రములకుర్చీలో తిరిగేవారికి, పడిన వస్తువును అందించుటకు, తలుపు తీయుటకు కుక్కలకు నేర్పినది. చెవిటివారికి తలుపు తట్టిన చప్పుడును, బిడ్డ ఏడ్పును తెలియజేసే కుక్కలు వచ్చినవి. మూర్ఛవచ్చిన మనిషి దగ్గర నిలిచి ఇతరులను పిలిచే కుక్కలు వచ్చినవి. ఇక్కడ ఒక చిక్కు కూడ వచ్చినది. అంధుని వైకల్యము ఎదుటివారికి కనిపిస్తుంది; మూర్ఛవ్యాధి కనిపించదు. ఈ సందున కొందరు తమ పెంపుడు కుక్కకు ఒక అంగీ తొడిగి, ఇదియు సహాయ శునకమే అని విమానములలోకి, హోటళ్ళలోకి తీసుకొనిరాసాగినారు. శిక్షణలేని ఆ కుక్కలు చేసిన అల్లరికి నింద పడినది నిజమైన కుక్కలమీద. అందువలన 2020 చివరను అమెరికా రవాణాశాఖ నియమము మార్చి, కేవలము మనశ్శాంతి కొరకు వెంట ఉంచుకొనే జంతువులను విమానములలో సహాయ శునకములుగా ఎంచనక్కరలేదన్నది. హక్కును దొంగగా వాడుకొన్నవాడు నష్టపరచేది హోటలువానిని కాదు, ఆ హక్కు నిజముగా కావలసినవానిని.

ఇక మన దేశము సంగతి. బహిరంగ స్థలములలో ప్రవేశము అన్న ప్రశ్నను మనకు ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. బావి దగ్గర, గుడి దగ్గర, కాఫీ హోటలు దగ్గర, పుట్టుకను కారణముగా చూపి మనిషిని ఆపిన చరిత్ర మనది. ఆ అన్యాయమును తొలగించుటకు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములో ఉన్నప్పుడే 1938లో ఒక చట్టము వచ్చినది. 1950 జనవరి 26న అమలుకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో అంగళ్ళు, భోజనశాలలు, హోటళ్ళు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు అని పేరుపేరున చెప్పి, వాటినుండి ఎవరినీ మతము, కులము, లింగము, పుట్టినచోటు కారణముగా దూరముచేయరాదన్నది. ఆ కారణముల జాబితాలో వైకల్యము లేదు. ఆ ఖాళీని పూరించుటకు చాలకాలము పట్టినది.

1995లో వికలాంగుల కొరకు మొదటి సమగ్రమైన చట్టము వచ్చినది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము 2007 అక్టోబరులో దానిని ధ్రువీకరించినది. ఆ ఒడంబడికలో మన విషయమునకు పనికివచ్చే మాట ఒకటి ఉన్నది. వికలాంగులు తమ ఇష్టప్రకారము తిరుగగలుగుటకు కావలసిన పరికరములతోపాటు 'సజీవ సహాయము' కూడ అందుబాటులో ఉండవలెనని రెండు చోట్ల చెప్పినారు. చేయి పట్టి నడిపించే మనిషి సజీవ సహాయమే, దారి చూపే కుక్కయు సజీవ సహాయమే. ఈ ఒడంబడికకు అనుగుణముగా వచ్చినది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము. అది వివక్షను నిషేధించినది. ఒక్కొక్కరి అవసరమును బట్టి తగిన సర్దుబాటు చేయవలెనన్నది. దారిచూపే కుక్కను పేరుపెట్టి చెప్పలేదు. కనుక మన దేశములో ఈ హక్కును వివక్షకూడదన్న సామాన్య సూత్రమునుండి రాబట్టుకోవలసి ఉన్నది. విమానయాన నియమములలో మాత్రము శిక్షణ పొందిన మార్గదర్శి శునకమును ప్రయాణికుని వెంట లోపలికి అనుమతించే ఏర్పాటు ఉన్నది.

న్యాయస్థానముల ధోరణి ఎటు ఉన్నదో రెండు తీర్పులు చెబుతవి. 2012లో జీజా ఘోష్ అనే వికలాంగ మహిళను కలకత్తానుండి గోవా పోవలసిన విమానమునుండి, ఆమె కోరిక లేకయే దింపివేసినారు. 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆ పని తప్పని చెప్పి పది లక్షల రూపాయల నష్టపరిహారము ఇప్పించినది. రాజీవ్ రాటూరి వేసిన వ్యాజ్యములో 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, అందుబాటు నియమములు కేవలము సలహాలుగా ఉండరాదని, తప్పనిసరిగా పాటించే ప్రమాణములు చేయవలెనని ఆ కోర్టే ఆదేశించినది. ఈ రెండింటిలోను కుక్క ప్రస్తావన ముఖ్యము కాదు. కాని గడప దగ్గర మనిషిని ఆపే అధికారము ఎవరికి ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న రెండింటిలోను ఉన్నది.

మన డెల్టా పట్టణములలో దారిచూపే కుక్కలు కానరావు. దేశములోనే అవి బహు అరుదు. శిక్షణకయ్యే ఖర్చు ఎక్కువ. కాలిబాటలు లేని వీధులలో, ఎండకు కాలిన తారురోడ్డుమీద కుక్కకు పని కష్టము. వీధికుక్కలు గుంపుగా మీదబడితే శిక్షణ పొందిన కుక్క అయినను కలత చెందుతుంది. ఇక్కడి అంధులు తెల్లకర్రను, ఇంటివారి భుజమును నమ్ముకొని తిరుగుతున్నారు. మూడు కాలువలు ఊరిగుండా పారే తెనాలిలో గట్టు ఎక్కడ ముగుస్తుందో కర్రతో తడవి తెలుసుకొనడము ఎంత జాగ్రత్త పనియో ఆలోచించండి. భుజమిచ్చే కుమారునికి తీరిక లేనినాడు బ్యాంకుపని, ఆసుపత్రిపని నిలిచిపోతున్నవి. రేపల్లెనుండి తెనాలికి రైలుబండి నూరేండ్లుగా నడుస్తున్నను, ఒంటరిగా దానిని ఎక్కగలిగే స్వేచ్ఛ వారికి ఇంకను పూర్తిగా రాలేదు.

రైలులో కుక్కలకు సామాన్యముగా వర్తించే పద్ధతి ఏమనగా, మొదటి తరగతి ఎ.సి.లో గది మొత్తము తీసుకొన్నవారు వెంట ఉంచుకోవచ్చును. లేకున్న గార్డుపెట్టెలోని గూటిలో వేయవలెను. రేపల్లె పాసింజరులో మొదటి తరగతి గది ఎక్కడిది? గూటిలో వేసిన కుక్క దారి ఎవరికి చూపుతుంది? పెంపుడు కుక్కల కొరకు చేసిన నియమమును పనిచేసే కుక్కకు అన్వయించితే ఫలితము ఇట్లా ఉంటుంది.

మరొక క్రొత్త సంగతి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాలయములు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలనుండి వీధికుక్కలను తొలగించవలెనని ఆదేశించినది. కుక్కకాటు, పిచ్చికుక్క వ్యాధి మన ప్రజలకు నిజమైన భయములు. ఆ భయమును తేలికగా తీసివేయరాదు. అందువలననే తెలియవలసినది, వీధికుక్క వేరు, పట్టీ తొడిగి మనిషి చేతిపిడికి కట్టుబడి నడిచే కుక్క వేరు. రెండవది టీకాలు వేయించుకొన్నది, కరవకుండ ఎంపికచేసి పెంచినది. మన స్టేషన్లలో పోలీసు కుక్కలు ప్లాట్‌ఫారముపై సామానులు వాసనచూస్తూ తిరిగినప్పుడు ఎవరును అభ్యంతరము చెప్పరు. పనిమీద వచ్చినదని గౌరవిస్తారు. ఆ గౌరవమే దీనికిని చాలును.

భారతమునే మరల తలచుకొంటే, ఆదిపర్వమున సరమ కథ ఉన్నది. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టినారు. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. నా బిడ్డ చేసిన తప్పేమని తల్లి సరమ వచ్చి అడిగితే జవాబు చెప్పలేకపోయినారు. తప్పు విచారించకుండ, కుక్క అయినంతమాత్రమున కొట్టడమే అక్కడి దోషము. మన ఇండ్లలో వంటయింటికి, దేవుని గదికి కుక్క రాకూడదన్న ఆచారమున్నది. ఆ ఆచారమును ఎవరును తప్పుపట్టనక్కరలేదు. బజారులోని హోటలు హాలు, బస్సు, బ్యాంకు మాత్రము మన వంటయిండ్లు కావు.

ఇక మర్యాద విషయము. చట్టము తలుపు తెరిపించగలదు గాని లోపల ఎట్లా చూడవలెనో నేర్పలేదు. ఆ భాగము మనది.

కుక్కతో వచ్చినవారిని పలకరించదలచితే మనిషినే పలకరించండి. "ఎక్కడికి వెళ్ళవలెనండీ, ఏమైనా సాయము కావలెనా?" అని అడగండి. అక్కరలేదంటే అంతటితో విడిచిపెట్టండి. పిడినిగాని పట్టీనిగాని పట్టుకొని లాగకండి; అది ఆయన చేయి పట్టి లాగినదానికంటె ప్రమాదము. సాయము కావలెనంటే కుక్క లేని ప్రక్కకు వచ్చి మీ మోచేయి అందించండి, వెనుకనుండి నెట్టకండి.

కుక్కను నిమరకండి, ఈల వేసి పిలువకండి, తినుటకు ఏమియు పెట్టకండి. ప్రేమతో పెట్టిన బిస్కట్టు ముక్క కూడ దాని మనస్సును పనిమీదనుండి మళ్ళిస్తుంది. ఆ క్షణమున కాలువగట్టు మీద అడుగు తప్పేది మనిషికి. పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పి ఉంచండి. చెప్పితే పెద్దలకంటె పిల్లలే బాగుగా పాటిస్తారు. మీ ఇంటికుక్క వెంట ఉంటే దానిని దగ్గరకు లాగి పట్టుకోండి. వీధికుక్కలు మూగితే మీరే అదిలించండి; అంతకంటె పెద్ద సాయము మన వీధులలో మరొకటి లేదు.

హోటలువారు గోడవారగా ఒక బల్ల చూపితే చాలును. కుక్క కుర్చీ క్రింద ముడుచుకొని పడుకొంటుంది. బస్సు కండక్టరు ముందువైపు సీటు ఇప్పించి, "స్టాపు వచ్చినప్పుడు చెబుతానండీ" అంటే ప్రయాణము సుఖముగా సాగుతుంది. వాహనములు నడిపేవారు అట్టి మనిషి దాటుతుండగా హారను మ్రోగించక నిలిపి ఉంచవలెను. హారను మ్రోగితే చెవులతో దారి తెలుసుకొనేవారికి దారి తప్పుతుంది. కార్తిక పూర్ణిమనాడు సూర్యలంక తీరమున జనము క్రిక్కిరిసినప్పుడు నలుగురు ప్రక్కకు జరిగి రెండడుగుల బాట ఇస్తే అదే మేలు. బాపట్ల భావనారాయణస్వామి ఆలయమువంటి చోట కుక్కను లోపలికి తీసుకొనిపోయే ఆచారము లేదు గనుక, వాకిట నీడపట్టున దానికి చోటు చూపి, స్వామి దర్శనమునకు ఒకరు మోచేయి అందించి వెంట నడవవలెను. "కుక్కను వదలి రండి" అని చెప్పి ఊరకుంటే ఆ మాట "మీరు రాకండి" అన్నట్లే అవుతుంది.

యజమానికిని బాధ్యత ఉన్నది. కుక్కను శుభ్రముగా ఉంచడము, టీకాలు తప్పకుండ వేయించడము, అది మలినము చేస్తే ఎత్తివేయు ఏర్పాటు చేసుకొనడము, భయపడేవారికి ఒక అడుగు దూరము ఇవ్వడము ఆయన వంతు. అట్టి కుక్కలను వాడే దేశములలో ఈ నియమములను శిక్షణాలయములోనే నేర్పుతారు.

ఈ మర్యాదలలో చాలభాగము తెల్లకర్రతో నడిచే మనిషికిని వర్తించేవే. ఆయన ఈనాడు కూడ తెనాలి బస్సుస్టాండులో, రేపల్లె ప్లాట్‌ఫారముమీద మనకు కనిపిస్తున్నాడు. ఆయనను అడుగకుండ చేయి పట్టి లాగడము, ఆయనతో వచ్చినవారిని చూచి "ఈయనకేమి కావలెను?" అని అడగడము మన అలవాటు. ఆయన ఎదుటనే ఉన్నారు, ఆయననే అడగవచ్చును. ఈ ఒక్క అలవాటు మార్చుకొనుటకు క్రొత్త చట్టము రానక్కరలేదు, శిక్షణ పొందిన కుక్క మన ఊరికి చేరేవరకు వేచి ఉండనక్కరలేదు.